శాలరీ మీదికెక్కినవాడు

శనివారం పొద్దున ఆ తల్లి పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం నాలుగింటికి కొడుకు వారం డబ్బుల కవరు తేగానే కుట్టుమిషను బాగుచేయించుకోవాలి. కొడుకు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కటింగు మిషను మీద పనిచేస్తాడు. సోమవారం నాడు ఇంటికొస్తూనే, "నన్ను సూపర్‌వైజర్ని చేశారమ్మా, ఇకనుంచి నాకు శాలరీ" అన్నాడు. అంత మంచి మాటను ఎక్కువసేపు కదిపితే ఎక్కడ పాడైపోతుందోనని భయపడి ఆమె ఇంకేమీ అడగలేదు.

నాలుగు దాటింది. కొడుకు రాలేదు. అదే ఫ్యాక్టరీలో పెట్టెలు అంటించే పక్కింటావిడ మాత్రం కవరు ఊపుకుంటూ వచ్చింది.

"మావాడేడీ వదినా?"

"ఏమో వదినా. కవర్ల వరసలో లేడు. గోడమీద వాడి హాజరు కార్డు కూడా తీసేశారు."

కార్డు తీసేశారంటే మనిషిని తీసేసినట్టే! సిగ్గుతో ఏ రైలెక్కి పోయాడో! తల్లి వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఏడవకక్కా, నేను చూసుకుంటాగా" అన్నాడు తమ్ముడు. ఆయన చూసుకోవడం మహా వేగం. పది నిమిషాల్లో సబ్బుల ఫ్యాక్టరీ మేనేజరు ముందు నిలబడి మేనల్లుడికి ఉద్యోగం అడిగాడు. ఆ మేనేజరు జాగ్రత్తపరుడు. వెంటనే అట్టపెట్టెల మేనేజరుకు ఫోన్ చేసి, "మీరు తీసేసిన కుర్రాడు మనిషెలాంటివాడండీ?" అని ఆరా తీశాడు.

తల్లి ఆయాసపడుతూ అట్టపెట్టెల ఫ్యాక్టరీకి చేరేసరికి, ఆఫీసు గదిలో మేనేజరు ఆమె కొడుకు మీద విరుచుకుపడుతున్నాడు.

"ప్రమోషనిచ్చి వారం కాలేదు, అప్పుడే సబ్బులవాళ్ళతో బేరమా? నిజంగానే పీకేస్తాను!"

"నాకేం తెలీదు సార్!"

"వాణ్ణి మళ్ళీ చేర్చుకోండి బాబూ!" గుమ్మంలోంచే చేతులు జోడించింది తల్లి.

"తీసెయ్యందే ఎలా చేర్చుకోనమ్మా?"

జరిగిందంతా బయటపడేసరికి మేనేజరు చల్లబడ్డాడు. "శాలరీ అంటే నెలకోసారమ్మా. గంటల లెక్క ఉండదు. అందుకే కార్డు తీసేశాం."

భయం తగ్గేసరికి ఆమెకు సందేహాలు మొదలయ్యాయి.

"లెక్క లేకపోతే ఇంటికెప్పుడొస్తాడు?"

"పనయ్యాక."

"ఎప్పుడవుతుంది?"

మేనేజరు తన బల్లమీది కాగితాల గుట్ట వైపు చూశాడు. "ఒక్కోసారి... అవదు."

"ఎక్కువసేపుంటే ఎక్కువిస్తారా?"

"ఇవ్వరు."

"ఆదివారం రమ్మంటే?"

"అదీ శాలరీలోదే."

"మావాడు అంత తప్పేం చేశాడు బాబూ?"

మేనేజరు బల్లమీది కాగితాలు సర్దసాగాడు.

"తమరు ఇందులో ఎన్నాళ్ళుగా ఉన్నారు?" జాలిగా అడిగింది.

"పంతొమ్మిదేళ్ళు."

"అయ్యో! ఇంట్లోవాళ్ళున్నారా?"

"ఉన్నారు" అన్నాడు మేనేజరు, కొంచెం గుర్తు తెచ్చుకుని.

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "సార్, నా కార్డు నాకిచ్చెయ్యండి."

మేనేజరు ప్రమోషను కాగితం చింపి, సొరుగులోంచి కార్డు తీసి ఇచ్చాడు. తల్లీకొడుకులు వెళ్ళిపోయాక ఆయన కిటికీలోంచి చూస్తే ఇంకా ఎండ ఉంది. కాసేపు దాన్ని వింతగా చూసి, కాగితాల గుట్టను అలాగే వదిలేసి, సంచీ భుజాన వేసుకున్నాడు.

ఆయన పొద్దుండగా గేటు దాటడం ఎన్నడూ చూడని వాచ్‌మన్, ఆపి సంచీ సోదా చేశాడు.