శ్రీ తాలముందే గారు అందుకున్నారు

1996 జూన్ 14, శుక్రవారం. పొద్దున జొన్నరొట్టె, పచ్చిమిర్చి దంచిన ఠేచా పచ్చడి తిన్నాను. రొట్టె ఒక పక్క మాడింది. వంట నాదే కనుక ఎవరినీ అనడానికి లేదు. తిన్న గంటకే నాకొక శుభవార్త తెలిసింది. నేను ఒంటరివాణ్ణి కాదు! మా ఇంట్లో నాతోపాటు తాలముందే అనే పెద్దమనిషి ఒకాయన కాపురముంటున్నాడు. ఈ మాట జోస్యుడు చెప్పింది కాదు, కొరియర్ కంపెనీ చెప్పింది. కాగితం చూపించి మరీ చెప్పింది!

అందుకే అంటున్నాను. చక్రం తర్వాత మనిషి కనిపెట్టిన గొప్ప వస్తువు పీఓడీ. తెలియనివారి కోసం విప్పి చెబుతాను: ప్రూఫ్ ఆఫ్ డెలివరీ. పార్సెల్ చేరిందనే రుజువు. పార్సెల్ కాదు సుమండీ, రుజువు!

పాతకాలపు పోస్ట్‌మన్‌ను తలచుకోండి. రిజిస్టర్డ్ కవరు వస్తే మనిషి కళ్లెదుట కనబడాలని పట్టుబట్టేవాడు. మీరు స్నానంలో ఉంటే మెట్టు మీద కూర్చునేవాడు. మంచినీళ్లు అడిగేవాడు. కవరు ఏ ఊరి నుంచి వచ్చిందో మీకంటే ముందు ఆయనే చెప్పేవాడు. మీరు ఊళ్లో లేరా, కవరు వెనక్కి తీసుకుపోయి మర్నాడు మళ్లీ వచ్చేవాడు! ఇలాగైతే దేశం ఎప్పటికి ముందుకు పోయేను?

ఇప్పుడు దేశం తలుపులు బార్లా తెరిచింది. ప్రపంచానికే తలుపు తెరిచినవాళ్లం, ఒక ఇంటికి తాళం ఉందని ఆగుతామా? ఆగం. మా వీధి చివరి సారయ్య మొన్న విసాపూర్‌లో పెళ్లిభోజనం చేస్తూండగానే ఇక్కడ మా చంద్రపూర్‌లో తన పార్సెల్ తానే అందుకున్నాడు. రుజువుంది: ‘సెల్ఫ్’ అని సంతకం! ఒకే వేళ రెండుచోట్ల ఉండడం ఇదివరకు దేవుళ్లకే చేతనయ్యేది. సారయ్యకు ఆ భాగ్యం ఒక చిన్న చీటీతో దక్కింది.

ఈ పద్ధతి అన్నిటికీ పెడితే ఎంత సుఖం! కుళాయిలో నీళ్లు రాకపోతేనేం, ‘నీళ్లు ముట్టినవి’ అని చీటీ వస్తే చాలదూ? జ్వరం తగ్గకపోయినా తగ్గినట్టు రోగి మంచంకోడు సంతకం చేస్తే డాక్టరు నిశ్చింతగా ఇంటికి పోవచ్చు.

ఇక తాలముందే గారి సంగతి.

మా పక్కింటి కాంతమ్మ కూతురు మాధురికి నాగపూర్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. పదిహేడో తేదీ, సోమవారం, అసలు సర్టిఫికెట్లు చేతిలో పట్టుకుని హాజరవాలి. లేకుంటే సీటు తర్వాతి పిల్లకు పోతుంది. ఆ కాగితాలేమో కరీంనగర్‌లో మేనమామ అంజన్న దగ్గర ఉన్నాయి. ఆయన వాటిని కొరియర్‌లో నా చిరునామాకు పంపాడు. నాకెందుకు? వాళ్ల తలుపు వెనక గల్లీలోకి ఉంది, కొత్తవాళ్లకు దొరకదు. పైగా, “కాక ఎప్పుడు ఇంట్లనే ఉంటడు గదా” అంది మాధురి. రిటైరైనవాడికి ఇంతకు మించిన సర్టిఫికెట్ ఏముంటుంది!

ఎప్పుడూ ఇంట్లోనే ఉండే కాక గురువారం ఒక్కరోజు గోండ్‌పిప్రి వెళ్లాడు. తుంటి విరిగిన పాత స్నేహితుణ్ణి చూడడానికి. కొరియర్ ఆ రోజే వచ్చింది.

శుక్రవారం కొరియర్ ఆఫీసుకు వెళితే గుమాస్తా వినాయక్ చీటీ నా ముందుకు జరిపాడు.

“కాకా, సహీ ఆహే నా!” సంతకం ఉంది కదా అని మరాఠీలో అతని భరోసా. “టైము పదకొండు నలభై. అందుకున్నవారు తాలముందే. సంబంధం, ఇంటివారు.”

“మా ఇంట్లో ఆ పేరుగలవాళ్లు లేరు నాయనా.”

“ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.”

“ఇంట్లో నేనొక్కణ్ణే.”

“అయితే మిమ్మల్నే అడిగి చూడండి!”

ఆ మాటా నిజమే. దారి పొడుగునా నన్ను నేను అడుగుతూనే వచ్చాను. శిందే తెలుసు, లోఖండే తెలుసు. ఈ తాలముందే ఎవరు? ఏ ఊరివాడు? టీలో పంచదార ఎంత వేసుకుంటాడు? ఇన్నాళ్లు నా ఇంట్లో ఉండి ఒక్కనాడూ గిన్నె కడగలేదేం?

సాయంత్రం మాధురి ఎస్టీడీ బూత్‌కు వెళ్లి వచ్చింది. పంపానని మామ ఒట్టేసి చెప్పాడట. పిల్ల ఏడవలేదు. మా మెట్టు మీద కూర్చుని, పదో తరగతి నుంచి తెచ్చుకున్న మార్కులు సబ్జెక్టువారీగా వేళ్ల మీద చెప్పుకుంది. కాగితం పోయినా మార్కులు ఉంటాయా అని లెక్క చూసుకుంటున్నట్టు. నేను ఎటు చూడాలో తెలియక చీటీ ఆమె చేతికిచ్చాను.

“తాలముందే...” కూడబలుక్కుని చదివింది. “తాల... ముందే...”

కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్న కాంతమ్మ తల ఎత్తకుండానే అంది: “యాడిది తాళమే? తాళం నిన్న ఉండె. ఇయ్యాల అన్న ఇంట్లనే ఉన్నడు గదనే!”

అన్నదో లేదో, చేతిలోని గిన్నె జారి బండ మీద పడింది.

“అవ్వో! గది నేనే చెప్పిన్నే! నిన్న ఎవలో సైకిల్ మీద వచ్చిండు. ‘కోణ్ ఆహే ఘరాత్’ అన్నడు, ఇంట్ల ఎవరున్నరని. నేను తోముకుంట తోముకుంట ‘తాళముంది’ అన్న. పాపం, బుద్ధిగ రాసుకున్నడు!”

తాళముంది. తాలముందే. శిందేలతో పెరిగిన మరాఠీ చెవికి అది ఇంటిపేరు కాక మరేమవుతుంది?

“మంచిగున్నదమ్మా! నా మార్కులు తాళానికి ఇప్పిచ్చినవ్!”

“నాకేమెరుక, గది నీ కవరని? నీ పేరు మీద ఎందుకు తెప్పియ్యలేదే?”

తల్లీకూతుళ్లు ఇలా ఒకరినొకరు అంటూనే ఇల్లంతా చుట్టారు. గడప కింద సందు లేదు. కిటికీకి కూలర్ అడ్డం. మాధురి కూలర్ పక్క రేకు పీకి గడ్డి వెనక చెయ్యి పెట్టింది. కవరు అక్కడుంది, సైకిల్ మనిషి రేకు సందులోంచి తోసి పోయాడు! నానిన అప్పడంలా చేతిలోనే విడిపోయింది. గురువారం రాత్రంతా కూలర్ నడిచింది మరి. ఆ పిల్ల మార్కుల మీదుగా వచ్చిన చల్లగాలికి నేను హాయిగా నిద్రపోయాను!

మాధురి కళ్లు మూసుకుంది. కాంతమ్మే లోపలిది బయటికి లాగింది. ఎరువు బస్తా లోపలి ప్లాస్టిక్, దాని చుట్టూ దారం, దారానికి ఏడు ముళ్లు. విప్పితే కాగితాలు పొడిపొడిగా ఉన్నాయి. ఒక్క అక్షరం చెదరలేదు.

“మా తమ్ముడు బస్సెక్కితె సీటును సుత తడిమి చూసి కూసుంటడు,” అంది కాంతమ్మ, నవ్వుతూ, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

సీటు నిలిచింది. నిలబెట్టింది రుజువు కాదు, అంజన్న అనుమానం.

శనివారం వెళ్లి వినాయక్‌కు కథంతా చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత చీటీ కట్ట తెరిచి చూపించాడు.

“మరి మావాడు ఏం రాయాలి కాకా? ఈ గడి ఖాళీగా వదిలితే సాహెబ్ ఊరుకోడు. ఎవరిదో ఒక పేరు ఉండాలి.”

చూశాను. పేరుకు గడి ఉంది, సంతకానికి ఉంది, టైముకు ఉంది, సంబంధానికి కూడా ఉంది. ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని రాయడానికి మాత్రం గడి లేదు. నా భార్య జయ పోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచి ఆ తాళం నేనే వేసి నేనే తీస్తున్నాను. ఇంట్లో ఎవరూ లేరని నేను రోజూ ఒప్పుకుంటూనే ఉన్నాను. అంత పెద్ద కంపెనీ ఒక్కరోజు ఒప్పుకోలేకపోయింది! ఎవరూ లేరని రాసుంటే మర్నాడు మరొకసారి వచ్చి తలుపు తట్టాల్సి వచ్చేది. ఆ శ్రమ తప్పించుకోవడానికే అయ్యా, ఇన్ని సంతకాలు!

ఆదివారం సాయంత్రం బండికి మాధురిని వాళ్ల నాన్న నాగపూర్ తీసుకుపోయాడు. ఎనిమిదిన్నరకు నేను పక్క వేసుకుంటూంటే గోడ అవతలినుంచి కాంతమ్మ గొంతు వినిపించింది. ఇన్నేళ్లలో ఆమె ఎన్నడూ పడుకునే వేళ అలా పిలిచి అడగలేదు.

“అన్నా, ఉన్నవా?”

“ఉన్న.”

“ఆఁ, మంచిది.”

తర్వాత ఆమె తన తలుపు మెల్లగా వేసుకుంది.