సూత్రం తప్పని మంగళసూత్రం

సీతమ్మధారలో నగలు చేసే ఎల్లాజీకి ఆ ఉదయం ప్లాను చిన్నదే. పదింటికి రెండు పుస్తెలు అప్పగించడం, పదిన్నరకి ఇడ్లీ తినడం. మర్నాడే పెళ్లి. ఆచారం ప్రకారం మంగళసూత్రానికి ఒక పుస్తె ఆడపెళ్లివారిది, ఒకటి మగపెళ్లివారిది. ఎవరి బంగారం వాళ్లు తెచ్చి, ఎవరి పుస్తె వాళ్లు ఎల్లాజీకే పురమాయించారు.

ఎల్లాజీ ఇప్పుడు సుత్తి ముట్టడం లేదు. అల్లుడు సాయిశంకర్ కొట్లో కంప్యూటర్ పెట్టాడు. నగల సూత్రాలు దానికోసారి చెప్పేస్తే చాలు, బొమ్మ అదే గీస్తుంది. కంప్యూటర్లో గీత, మైనంలో అచ్చు, బంగారంలో పోత! అల్లుడు కట్టిన పొట్లాల తూకం సరిపోయింది కదాని, ఎల్లాజీ విప్పి చూడకుండానే పంపేశాడు.

ఇడ్లీకి బదులు సన్యాసిరాజు వచ్చాడు. పెళ్లికూతురి తండ్రి, ఉక్కు ఫ్యాక్టరీ మనిషి, ఉక్కిరిబిక్కిరి అవుతున్నాడు.

"ఏటి బావా ఇది? నానొక్క పుస్తె సెయ్యమంటే రెండు సేసినావేటి? మా అమ్మాయి ఫోటో తీసి వాట్సాప్‌లో ఎట్టేసింది. మా పుస్తె మీకక్కర్నేదా అని మగపెళ్లోరు తిడతన్నారు!"

ఇంతలో పెళ్లికొడుకు తల్లి సన్యాసమ్మ పొట్లంతో ఆటో దిగి సన్యాసిరాజు మీదికొచ్చింది.

"అన్నియ్యా, రెండూ మీరే ఎట్టీసుకుంటే మేమెందుకు, అచ్చింతలెయ్యడానికా? పద్ధతంటే ఇదీ! మాది ఒక్కటే, సూసుకో!" అంటూ పొట్లం విప్పింది.

అందులోనూ రెండున్నాయి!

"ఓహో! మీకూ పుట్టింటోళ్లు అక్కర్నేదన్నమాట!" సన్యాసిరాజు గొంతు లేచింది. పుస్తెలు కాస్తా కుస్తీలయ్యాయి.

చేపల తట్టతో వెళ్తున్న పోతమ్మ ఆగింది. "నాలుగు పుస్తెలేటమ్మా? పెళ్లికూతుళ్లిద్దరా?"

ఆ ముక్క నిమిషంలో వీధి చివరిదాకా పాకింది. "పెళ్లికొడుక్కి రెండో సంబంధమంట!" అని అటునుంచి తిరిగొచ్చింది.

"మా దేవీప్రసాద్‌కా! పెళ్లి కేన్సిల్!" అంది సన్యాసమ్మ.

"నానూ అదే అంతన్నాను!" అన్నాడు సన్యాసిరాజు.

ఎల్లాజీ గుండెలు బాదుకున్నాడు. "నలభయ్యేళ్లలో మాట పడనేదు నాను! ఇదంతా ఈ అల్లుడి కంప్యూటర్ సేసింది!"

సాయిశంకర్‌కి మండింది. "నన్నంటారేటి మావయ్యా? ఏడో సూత్రం ఎవరు సెప్పినారో ఇనండి!" అని మీట నొక్కాడు. కంప్యూటర్లోంచి ఎల్లాజీ గొంతు ఖంగుమంది.

"పుస్తె ఒంటిగా సేత్తే అపశకునం. ఎప్పుడూ జంటగానే గియ్యాలి. కస్టమరు ఏటన్నా ఇనకు!"

కంప్యూటర్ అలాగే కస్టమర్ల మాట వినలేదు. ఇద్దరి బంగారాన్నీ చెరో రెండు పుస్తెలుగా పంచింది, అందుకే తూకం తప్పలేదు. సంగతి పెళ్లివారికీ, పోతమ్మకీ, వీధి మొత్తానికీ తెలిసిపోయింది.

సన్యాసమ్మ కుర్చీ లాక్కుంది. "అన్నియ్యా, నువ్వూ కూకో. ఎల్లాజీ, ఎవరి రెండూ వాళ్లకి కరిగించి ఒక్కటి సెయ్యి. నీ సేత్తోనే సెయ్యాల!"

"నా మాటా అదే సెల్లెమ్మా!" అన్నాడు సన్యాసిరాజు.

పెళ్లికి ముందే వియ్యాలవారు ఒకే మాట మీద నిలబడగా ఆ వీధి చూడటం అదే మొదటిసారి.