గడువుకు ముందే పూర్తయిన వంతెన

వంతెన కట్టే ఇంజనీరు మనకెందుకండీ? వంతెన ఎప్పుడు పూర్తవుతుందో చెప్పే ఇంజనీరు ఉంటే చాలదా!

పలాస వైపు పనిచేసే జూనియర్ ఇంజనీరు భానుమూర్తి మొదట్లో ఈ సంగతి తెలియని మనిషి. ఎండలో నిలబడి, మేస్త్రీలను బతిమాలి, తిట్టి, కల్వర్టులు కట్టించేసేవాడు. అదీ ఒక పద్ధతేనా? అరవై ఎనిమిదిలో, వజ్రపుకొత్తూరు దారికి అడ్డంగా పారే గెడ్డ మీద వంతెన అప్పగించి, పైవాళ్ళు జాలిపడి ఆయన్ను విశాఖపట్నంలో ప్రాజెక్టు మేనేజ్‌మెంటు ట్రైనింగుకు పంపారు. సర్టిఫికెట్టుతో తిరిగొచ్చాడు. భార్య కామాక్షి దానికి అద్దం బిగించి దేవుడి పటాల పక్కన తగిలించింది.

ఆపై పని గెడ్డ దగ్గర కాదు, గడులు గీసిన చార్టు మీద సాగింది. ఒక గడి పూర్తయితేగాని తర్వాతి గడి ముట్టుకోకూడదు. ఎంత శుభ్రమైన విధానం!

చేపలమ్మే నూకాలమ్మ మాత్రం కనిపించినప్పుడల్లా ఒకటే అడిగేది. "వానల్లోపు అవుతాదా బాబూ? గెడ్డ పొంగితే సేప మా ఒడ్డునే కుళ్ళిపోతాది."

"అవుతుంది నూకాలమ్మా. చార్టులో ఉంది."

ఇంతలో సర్కారు కోటా సిమెంటు లారీ ముందే వచ్చేసింది. క్రమశిక్షణ లేని సిమెంటు! దాని గడి ఇంకా రాలేదు. సిమెంటు దాచే షెడ్డు గడి అసలే రాలేదు. డ్రైవరు బస్తాలు గట్టున దింపేసి పోయాడు. టార్పాలిన్లు తెప్పించి కప్పిద్దామా అని భానుమూర్తికి మనసు పీకింది. పాతకాలపు బుద్ధి కదా, అణచుకున్నాడు. మర్నాడే వాన. బస్తాలన్నీ బండరాళ్ళయ్యాయి.

నూకాలమ్మ మొగుడు దానయ్య వాటిని గెడ్డలోకి వరసగా దొర్లించాడు. ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని వాటి మీదుగా దాటొచ్చి, భానుమూర్తికి దణ్ణం పెట్టింది.

"సిమెంటు వొంతెనంటే ఇదేనేటి బాబూ? బాగానే ఉంది."

ఆ దణ్ణానికి భానుమూర్తి సిగ్గుతో చితికిపోయాడు. కాని పాడైన సిమెంటుకు సంజాయిషీ రాసుకోవడం మేలా, పూర్తయిన వంతెనకు ప్రమోషన్ పుచ్చుకోవడం మేలా? సర్టిఫికెట్టున్న మనిషి, ఆలోచించాడు. చివరి గడి దాకా టిక్కులు పెట్టేశాడు. గడువుకు ముందే ముగించాడని పైవాళ్ళు తెగ మెచ్చుకున్నారు. ఉన్న వంతెనకు మళ్ళీ సిమెంటు ఎవరిస్తారు?

తుపాను వానలకు గెడ్డ పొంగి రాళ్ళు మునిగాయి. చేపల తట్టతో నూకాలమ్మ తన ఒడ్డునే ఆగిపోయింది. దానయ్య ఒక్కడూ ఈదుకుంటూ దాటి, తడిబట్టలతో ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

"వొంతెన ఎప్పుడు కడతారేటి బాబూ?"

భానుమూర్తి తలెత్తలేదు.

"కట్టేశాం దానయ్యా" అన్నాడు.