ఆనపకాయ పాఠం

ఆ ఉదయం హిమబిందు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. వదిన ధనశ్రీ ఆసుపత్రికి వెళ్లి వచ్చేదాకా, మూడో నెల నడుస్తున్న ఆమె కొడుకు సన్నీని హాల్లో కమ్మీల బుల్లి మంచంలో వెల్లకిలా పడుకోబెట్టాలి. పక్కనే కూర్చుని, వాడు నిద్రలో పెదవులు చప్పరిస్తుంటే చూస్తూ కాఫీ తాగాలి. కొత్త పెళ్లికూతురు కావడంతో ఆమెకు ఈ మధ్య కాఫీ మీది నురగ కూడా పండగలాగే కనబడుతోంది.

ధనశ్రీ వన్ టౌన్‌లోని పుట్టింట్లో గోడలకు రంగులు వేస్తున్నారని, ఆ వాసన పిల్లాడికి పడదని, ఉక్కునగరంలో తమ్ముడు సాయిశంకర్ క్వార్టర్‌కు వచ్చి ఉంటోంది. గుమ్మం దిగుతూ ఆమె మరదలి చెయ్యి పట్టుకుంది.

"బిందూ, అమ్మ వస్తాది. ఆవాల దిండు కుట్టిందట. నువ్వేటి సేత్తావో నాకు తెల్దు, అది మాత్రం గుంటడి తల కిందికి రాకూడదు. నీ మీద నమ్మకంతో ఎల్తన్నాను."

"నిశ్చింతగా వెళ్లి రండి వదినా. నిన్న పాఠం చెప్పింది ఎవరనుకున్నారు?"

పాఠం చెప్పిన మాట నిజమే. ఆసుపత్రిలో నర్సు తల్లులకు చెప్పినవన్నీ వదినతో పాటు శ్రద్ధగా విని వచ్చి, ముందు రోజు సాయంత్రం హిమబిందు ఇంట్లో ప్రదర్శన ఇచ్చింది. బిడ్డ స్థానంలో ఆనపకాయ. ముఖం ఏ వైపో తెలియాలని దానికి కాటుకతో కళ్లు కూడా దిద్దింది. గట్టి పరుపు, బిగుతుగా పరిచిన దుప్పటి, దాని మీద వెల్లకిలా ఆనపకాయ. దిండు, రగ్గు, బొమ్మ ఏదీ ఉండకూడదు, ఏది ముఖం మీద పడినా పసివాడికి ఊపిరాడదు. మంచం మన గదిలోనే ఉండాలి గానీ బిడ్డ మన పక్కలో ఉండకూడదు. ధనశ్రీ చప్పట్లు కొట్టింది. సాయిశంకర్ మాత్రం పగటి నిద్ర కోసం చెవుల్లో పెట్టుకున్న, ఉక్కు మిల్లులో ఇచ్చిన ప్లగ్గులైనా తీయకుండా, ఆవులిస్తూ చూసి, రాత్రి డ్యూటీకి వెళ్లిపోయాడు. మొగుడి మీద హిమబిందుకు పెళ్లయ్యాక మొదటిసారి అలక వచ్చింది. ఉదయం అతను ఫోన్ చేసి, తన తర్వాత డ్యూటీ ఎక్కాల్సిన మనిషి రాలేదని, తాను మధ్యాహ్నం దాకా రానని చెప్పినప్పుడు కూడా ఆమె "సరే" అని పొడిగా పెట్టేసింది.

ధనశ్రీ ఆటో మలుపు తిరిగిందో లేదో, అత్తగారు సూర్యకాంతమ్మ సంచితో దిగింది. సంచిలో కోడలికి మల్లెపూల దండ, మనవడికి ఎర్ర గుడ్డతో కుట్టిన ఆవాల దిండు.

"సూడు, గుంటడి తల ఎనకాల బల్లపరుపుగా ఐపోతంది! మా శంకర్ గాడి తల ఎలగుంటాది? కొబ్బరికాయలాగ! అది నాను ఎట్టిన ఆవాల దిండే మరి."

"దిండు వద్దని నర్సుగారు చెప్పారు అత్తయ్యా..."

"నర్సుకి పిల్లలున్నారేటి?"

"తెలీదండి."

"మరింకేటి!"

హిమబిందుకు అత్తగారంటే చాలా ఇష్టం. తలలో మల్లెలు తురిమిన చేతిని పట్టుకుని వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. దిండు సన్నీ తల కిందికి వెళ్లింది. అత్తగారు కాళ్లు కడుక్కోవడానికి వెళ్లగానే మళ్లీ బయటికి వచ్చింది. హిమబిందు దాన్ని కొంగు చాటున దాచి తీసుకెళ్లి, వీధి వరండాలో చెప్పుల స్టాండు వెనక్కి తోసేసింది. స్టాండుకున్న మేకు దిండును బెత్తెడు చీల్చిన సంగతి ఆమె చూడలేదు.

"దిండేదీ?"

"ఉతకడానికి తీశానండి. కొత్త గుడ్డ కదా!"

"మంచి పన్జేసినావు. అందాకా ఈ రగ్గు మడతెట్టి అటోటి ఇటోటి ఎడతాను."

అక్కణ్నుంచి పోటీ మొదలైంది. అత్తగారు వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా కోడలు ఒక రగ్గు తీసి బీరువా చాటున పెడుతోంది. అత్తగారు తిరిగి వచ్చినప్పుడల్లా రెండు తెచ్చి వేస్తోంది.

"తన్నీసినాడు గావాల! కాళ్లల్లో ఎంత బలముందే నా తండ్రికి!" అని మురిసిపోతోంది.

ఇంతలో సూర్యకాంతమ్మ మనవడొచ్చాడని తెలిసి, పక్క క్వార్టర్ పైడితల్లి ఒక బొంత పట్టుకుని వచ్చింది. వరండా మెట్టు మీద కాలు పెట్టబోయి గట్టిగా అరిచింది.

"ఓలమ్మో! గుమ్మంలో ఆవాలు ఎవులు సల్లీసినారు?"

సూర్యకాంతమ్మ పరుగెత్తుకొచ్చింది. మెట్ల నిండా నల్లగా ఆవాలు. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇది మనవడి మీద దిష్టే. ఏ పాడు కళ్లు పడ్డాయో! ఒలే పైడితల్లీ, ఎండుమిరపకాయలు, ఉప్పు తే. ఇనుమేదైనా ఉంటే అదీ తే, పక్కలో ఎడదాం."

"ఉక్కునగరంలో ఇనుముకేటి కరువక్కా!"

నిజం చెప్పేద్దామని హిమబిందు నోరు తెరిచేలోపు చేతికి చీపురు, పసుపు నీళ్ల బకెట్టు వచ్చాయి. "మెట్లన్నీ కడిగీ. ఇటేపు నుంచి ఎవుల్నీ రానీకు!" ఆమె ఆవాలు ఊడుస్తూ, వదిన రాగానే ఏం చెప్పాలో ఆలోచిస్తుండగా, లోపల ఇద్దరూ సన్నీకి కట్టుదిట్టమైన కోట కట్టారు. బొంత, రగ్గులు, తలగడలు, ఎలుగుబంటి బొమ్మ, అన్నిటికీ పైన పైడితల్లి మొగుడి పెద్ద పానా. తరువాత మిరపకాయల కోసం ఇద్దరూ పక్కింటికి వెళ్లారు.

తిరిగి వచ్చి మంచంలోకి చూసిన సూర్యకాంతమ్మ కేక సెక్టారంతా వినబడింది.

"గుంటడు లేడు!"

హిమబిందు చీపురుతోనే లోపలికి పరుగెత్తింది. మంచం నిండా గుట్టగా దిండ్లు. సన్నీ చెయ్యి గానీ కాలు గానీ ఎక్కడా లేదు. ముగ్గురూ ఆ గుట్ట మీద పడ్డారు. పానా నేల మీద ఖంగుమంది. బొంత లాగారు. రగ్గులు లాగారు. బొమ్మ ఎగిరి ఫ్యాను రెక్కకు తగిలింది. సూర్యకాంతమ్మ ఒక్కో దిండూ తీసి వెనక్కి విసిరేస్తోంది. అడుగున వాడు ఎలా ఉంటాడోనన్న భయం ముగ్గురి ముఖాల్లోనూ ఉంది.

అడుగున ఉన్నది బిగుతుగా పరిచిన దుప్పటి ఒక్కటే.

పడకగది తలుపు దగ్గరగా వేసి ఉండడం హిమబిందు అప్పుడు చూసింది. తోసింది. నేల మీద చాప, దాని మీద ముడతల్లేకుండా పరిచిన పల్చటి దుప్పటి, దాని మధ్యలో వెల్లకిలా సన్నీ. రెండు చేతులూ తలకు ఇటూ అటూ పైకెత్తి, పెదవులు చప్పరిస్తూ నిద్రపోతున్నాడు. పక్కన కిటికీ ఊచలు పట్టుకుని, సగం మూసుకుపోయిన కళ్లతో సాయిశంకర్ నిలబడి ఉన్నాడు.

అతను వేలు పెదవుల మీద పెట్టుకుని, చెవిలోంచి ప్లగ్గు తీశాడు. "అరవకండి. ఇప్పుడే పడుకున్నాడు."

"ఎప్పుడొచ్చినావురా?" సూర్యకాంతమ్మ నేల మీద కూలబడి మనవడి ఛాతీ లేవడం, దిగడం చూస్తూ అడిగింది.

"ఆయనెవరో లేటుగా డ్యూటీకొచ్చినాడు. పెరటి గుమ్మంలోంచి వచ్చీసినాను. సూత్తే మంచంలో అన్నీ అవుపించినాయి, మేనల్లుడు తప్ప. ఓ పక్క నుంచి సెయ్యెట్టి వాణ్ని తీసినాను. ముక్కు దగ్గిర బొంత. పైన పానా! మిల్లులో కూడా పానాని పరుపు మీద పడుకోబెట్టమమ్మా."

"మరి నుంచున్నావేటి? రాత్రంతా పన్జేసి?"

"కూకుంటే నిద్రొచ్చెస్తాది. పక్కన పడి నిద్దరోతే వాడి మీదికి దొర్లీగలను."

హిమబిందు తెల్లబోయింది. "ఇవన్నీ మీకెలా తెలుసు? నిన్న చెవుల్లో ప్లగ్గులున్నాయి కదా!"

"విన్లేదు, సూసినాను. ఆనపకాయకే అంత జాగర్తగా పడకేసినావు. గుంటడికి అంతకన్నా తక్కువ సేత్తే బాగోదనుకున్నాను."

హిమబిందుకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అలక ఎటు పోయిందో పోయింది. ఆ ఊపులోనే నిజం కూడా బయటపడింది. "అత్తయ్యా, దిష్టి కాదండి. దిండు నేనే దాచాను. అది చిరిగింది."

"వద్దని నాతో సెప్పొచ్చు గదే!"

"మీరు బాధపడతారని..."

"ఇప్పుడు పడ్డది సాలదేటి?" సూర్యకాంతమ్మ ముక్కు చీదింది. "ఆ దిండ్ల కింద సెయ్యెట్టినప్పుడు నా పేనం ఎలగయ్యిందో నాకే తెల్సు. సరేగానీ, తల గుండ్రంగా రావాలంటే మరేటి సెయ్యాల?"

"మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టి, మనం ఎదురుగా కూర్చోవడమేనండి. నిద్రకు మాత్రం వెల్లకిలా."

ధనశ్రీ ఆసుపత్రి నుంచి వచ్చేసరికి, బోసిగా ఉన్న బుల్లి మంచంలో సన్నీ వెల్లకిలా నిద్రపోతున్నాడు. పక్కనే సూర్యకాంతమ్మ, కాటుక కళ్ల ఆనపకాయను ఒళ్లో పెట్టుకుని, పైడితల్లికి పాఠం చెబుతోంది. "దిండెట్టకూడదు, రగ్గెట్టకూడదు, పానా అసలే ఎట్టకూడదు. నీకెన్నిసార్లు సెప్పాలే?" బొంత చంకలో పెట్టుకున్న పైడితల్లి బుద్ధిగా తలూపుతోంది.

ధనశ్రీ మరదలి కేసి చూసింది. "అమ్మని ఎలా ఒప్పించినావే?"

"చాలా తేలిగ్గా," అంది హిమబిందు, జడలోంచి ఒక ఆవగింజ తీసి పారేస్తూ.

సూర్యకాంతమ్మ సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఇంట్లో ఉన్న తలగడలన్నీ బీరువాలో పెట్టి, తాళం తనతో పట్టుకుపోయింది. ఆ రాత్రి డ్యూటీ లేని సాయిశంకర్, పెళ్లాం చెప్పినట్టు, దిండు లేకుండా వెల్లకిలా పడుకున్నాడు.