పదిహేడు లక్ష్యాలు, ఆరు పంచెల వడియాలు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. దూరంగా ఉంటే సగమే వినిపిస్తుంది, మిగతా సగం మీరే కల్పించుకుంటారు. ఇది సిడ్నీలో, హారిస్ పార్క్‌లో జరిగిన సంగతి. జనవరి నెల. మనకు జనవరి అంటే దుప్పటి. అక్కడ జనవరి అంటే నలభై ఒక్క డిగ్రీల ఎండ.

శేషగిరి అని ఒక ఆర్కిటెక్టు ఉన్నాడు. సొంత ఆఫీసే. పన్నెండేళ్ళుగా అతను గీసినవన్నీ కారు షెడ్లు, పెరటి గదులు, ఒకసారి ఒక డాక్టరుగారి కుక్కకు ఇల్లు. నలుగురూ వచ్చి కూర్చునే కట్టడం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తన చేతి మీదుగా లేవాలని అతని కోరిక. ఆ కోరిక ఇన్నాళ్ళకు గుమ్మం దాకా వచ్చింది. అక్కడి కౌన్సిలు వాళ్ళు వయసు మళ్ళినవాళ్ళ కోసం కొత్త హాలు కట్టిద్దామనుకున్నారు. పోటీలో చివరికి మూడు ఆఫీసులు మిగిలితే, అందులో శేషగిరిది ఒకటి. కానీ ఒక మెలిక పెట్టారు. భూమి పాడుకాకుండా మనుషులందరూ బాగుపడాలని ప్రపంచ దేశాలన్నీ కూర్చుని పదిహేడు లక్ష్యాలు రాసుకున్నాయి కదా, వాటి కోసం మీ ఆఫీసులో ఏం చేస్తున్నారో కళ్ళారా చూస్తాం, చూశాకే హాలు ఎవరికిచ్చేదీ చెబుతాం అన్నారు.

ఇంకేం, శేషగిరి గోడకు పదిహేడు రంగుల గళ్ళ పటం తగిలించాడు. గడికో ఏర్పాటు. నీళ్ళ లక్ష్యానికి మేడ మీద వాననీటి తొట్టి పెట్టించాడు. వస్తువులు పారేయకూడదన్న పన్నెండో లక్ష్యానికి కూల్చిన ఇళ్ళ ఇటుకలు తెప్పించి, చోటు లేక వెనక తలుపుకు అడ్డంగా పేర్పించాడు. సముద్రంలో జీవాలను కాపాడాలన్న దానికి ఏం చేయాలో తోచక గాజుకుండలో రెండు చేపలను వేశాడు. అన్నిటికన్నా కరెంటు లక్ష్యం అతనికి ప్రాణం. మేడ నిండా సోలార్ పలకలు పరిపించి, ముందు గదిలో గోడకు మీటరు పెట్టాడు. ఎండ ఎంత కరెంటు ఇస్తోందో అందులో అంకెలు కదులుతూ ఉంటాయి.

కౌన్సిలు వాళ్ళు వచ్చే రోజు ఉదయం శేషగిరి ఇంట్లో టిఫిను తింటూ ఈ గొప్పలే చెబుతున్నాడు. వడ్డిస్తున్నది అత్తగారు కనకదుర్గ. కూతురి దగ్గర మూడు నెలలు ఉందామని తెనాలి నుంచి వచ్చింది. ఆవిడకు ఆ దేశంలో అన్నీ నచ్చాయి, ఒక్క బాధ తప్ప. ఇంత ఎండ కాస్తోంది, ఇంట్లో ఒక్క వడియం లేదు. అపార్టుమెంటు బాల్కనీలో ఏమీ ఆరవేయకూడదని తలుపు కింద నుంచి ఇప్పటికే రెండు కాగితాలు వచ్చాయి.

"మా ఆఫీసు మేడ మీద ఒక్క ఎండ పొడ కూడా వృథా పోనివ్వమండీ అత్తయ్యగారూ. మీరూ ఒకసారి వచ్చి చూడాలి," అన్నాడు శేషగిరి.

అత్తగారితో మాట కలపడానికి అల్లుడు మర్యాద కోసం అన్న మాట అది. కానీ పెద్దల దగ్గర అల్లుడు దేన్నయినా నేరుగా చెబుతాడా, ఇలా చాటుగానే చెబుతాడని కనకదుర్గ లెక్క. ఆ చాటు అర్థం ఆవిడకు వెంటనే తెలిసిపోయింది. అతను అలా వెళ్ళాడో లేదో, ఆవిడ పొయ్యి మీద ఎసరు పెట్టేసింది.

పది గంటలకు కూతురు శాంతి ఆసుపత్రి డ్యూటీకి వెళుతూ తల్లిని, పిండి గిన్నెను, ఆరు పాత పంచెలను ఆఫీసు ముందు దించేసి వెళ్ళింది. శేషగిరి లోపలి గదిలో తలుపేసుకుని చేపల ముందు తన ఉపన్యాసం అప్పజెప్పుకుంటున్నాడు. అతని దగ్గర పనిచేసే గీతిక అతిథుల కోసం సమోసాలు తేవడానికి వెళ్ళింది. అడ్డు చెప్పేవాళ్ళు లేక కనకదుర్గ నెమ్మదిగా మెట్లెక్కి మేడ మీదికి చేరింది.

అక్కడ ఆవిడకు కళ్ళు చెమర్చాయి. నల్లగా, నున్నగా, ఎండకేసి కాస్త వాలుగా పరిచిన పలకలు. చేయి ఆనిస్తే చురుక్కుమంది. వడియాల కోసం ఇంత ఏర్పాటు చేయించి కూడా నోరు తెరిచి చెప్పుకోలేదే, ఎంత మొహమాటస్తుడు మా అల్లుడు అనుకుంది. మొదటి పంచె తడిపి, నీళ్ళు పిండేసి, పలకల మీద పరిచి వడియాలు పెట్టింది.

కింద శేషగిరి ఇంకో గొప్ప పని చేశాడు. అతిథుల ముందు ఆఫీసంతా ఒక్క ఎండ మీదే నడిపి చూపించాలని, వీధి గోడకున్న పెట్టె తెరిచి బయటి కరెంటు మీట దించేసి వచ్చాడు. సరిగ్గా పదకొండింటికి ఇద్దరు దిగారు. ఒకరు కౌన్సిలు తరఫున మార్గరెట్. రెండో ఆయన కేశవరావు, మన పెద్దవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు, ముప్పై ఏళ్ళు అక్కడే లెక్కలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు. వాళ్ళ వెనకే అద్దాల తలుపు దానంతటదే మూసుకుంది.

"ఈ క్షణాన మేం పూర్తిగా సూర్యుడి మీద బతుకుతున్నాం," అని శేషగిరి మీటరు వైపు చేయి చాపాడు. మీటరు ఐదు కిలోవాట్లు చూపిస్తోంది. చేయి దించేలోగా మూడుకు వచ్చింది. బయట మబ్బు తునక లేదు. సమోసాలతో తిరిగొచ్చి ఉన్న గీతిక దగ్గరగా వచ్చి చెవిలో, "సర్, టూ కూడా లేదు, ఇన్వర్టర్ పోయిందేమో," అంది. అప్పటికి మేడ మీద నాలుగో పంచె పడింది.

ముందు కంప్యూటరు తెర నల్లబడింది. తరువాత ఏసీ ఆగింది. ఇదేమిటని మార్గరెట్ అడిగితే శేషగిరి తడుముకోకుండా, ఇది పదమూడో లక్ష్యం, భూమి వేడెక్కితే ఎలా ఉంటుందో అతిథులకు అనుభవంలోకి తెస్తున్నాం అన్నాడు. ఆమె కాగితం మీద రాసుకుంది. పది నిమిషాలకు అనుభవం బాగానే అయింది. కేశవరావుగారు కోటు విప్పి, కాస్త గాలికి బయట నిలబడదామన్నారు. తలుపు కదలలేదు. దానికీ కరెంటే కావాలి. మీట పైకెత్తుదామంటే అది వీధిలో ఉంది. వెనక నుంచి వెళదామంటే పన్నెండో లక్ష్యం అడ్డంగా పేర్చి ఉంది.

గీతిక అద్దం దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్న మిఠాయి కొట్టాయనకు రెండు చేతులతో ఆ పెట్టె వైపు సైగలు చేసింది. ఆయన సంతోషంగా చేయి ఊపాడు. ఆమె ఇంకా గట్టిగా సైగ చేసింది. ఆయన ఒక జిలేబీ పళ్ళెం తెచ్చి, అద్దం బయట నుంచి చూపించి, తలూపి వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది మేడ మెట్లే. ఏ తీగో ఊడి ఉంటుంది, దానికీ ఏదో ఒక లక్ష్యం చెప్పుకోవచ్చని శేషగిరి ముందు నడిచాడు.

మేడ మీద తీగలు బాగానే ఉన్నాయి. పలకలన్నీ తెల్లగా ఉన్నాయి. ఆరు పంచెల నిండా వరసలు తీరి పిండి వడియాలు. వాటి మీద, నెత్తిన పసుపు జుట్టున్న తెల్లటి కాకటూ చిలుకలు పాతిక దాకా వాలి తింటున్నాయి. మధ్యలో కనకదుర్గ గొడుగు తిప్పుతూ వాటిని తోలుతోంది. పక్షులు ముట్టకూడదనే ఆవిడ పిండిలో కారం దండిగా వేసింది. పక్షుల నాలుకకు కారం తగలదట. ఆ సంగతి చిలుకలకు తెలుసు, ఆవిడకు తెలియదు.

"వేళకొచ్చారు అల్లుడుగారూ. ఆ కొస పట్టుకోండి, ఎత్తుకుపోయేలా ఉన్నాయి."

"అత్తయ్యగారూ, ఇవి కరెంటు పలకలండీ..."

"అదే కదండీ, భలే కాక. మా తెనాలిలో రెండు రోజులు పట్టేవి. ఇక్కడ మధ్యాహ్నానికే పెళపెళలాడతాయి. ఏం తెలివండీ మీది."

అత్తగారు నలుగురిలో మెచ్చుకుంటుంటే ఏ అల్లుడు నోరు చేసుకోగలడు? శేషగిరి కొస పట్టుకున్నాడు. రెండో కొస మార్గరెట్ చేతికొచ్చింది. కేశవరావుగారు మాత్రం ఒక పంచె దగ్గర వంగి, పైన ఎండి లోపల మెత్తగా ఉన్న వడియం ఒకటి ఒలుచుకుని నోట్లో వేసుకుని, అలాగే తొట్టి నీడన చతికిలబడ్డారు. ఆయన ముప్పై ఏళ్ళుగా పచ్చి వడియం తినలేదు. రెండోది కూడా ఒలిచారు.

ఇది ఎన్నో లక్ష్యమని మార్గరెట్ అడిగింది. శేషగిరి పదిహేడూ మనసులో తిప్పుకున్నాడు. ఒక్కటీ అతకలేదు. చివరికి, ఏ లక్ష్యమూ కాదు, మా అత్తగారు వడియాలు పెట్టుకుంటున్నారు, ఇంకెక్కడా పెట్టనివ్వడం లేదు అని ఉన్నది చెప్పేశాడు.

కనకదుర్గ వాళ్ళెవరని అడిగింది. పెద్దవాళ్ళకు హాలు కట్టిస్తారని చెప్పాడు.

"మరి ఇన్నాళ్ళూ ఆ పెద్దవాళ్ళు ఎక్కడ కూర్చున్నారండీ?"

"పాత హాలుందండీ."

"అదేమైంది, పడిపోయిందా?"

"లేదండీ."

"పడిపోని హాలుండగా ఇంకోటెందుకండీ?"

ఆవిడేమంటోందని మార్గరెట్ అడిగింది. శేషగిరి పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన హాలు ఆ ఒక్క ప్రశ్నకు వేలాడుతోంది. వాతావరణం బాగుందంటున్నారని చెప్పేయవచ్చు. కానీ తొట్టి నీడన కేశవరావుగారు మీసానికి పిండితో, నమలడం ఆపి, అతని నోటి వంకే చూస్తున్నారు. ఆయనకు తెలుగు శుభ్రంగా వచ్చు. శేషగిరి ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు.

మార్గరెట్ రాసుకునే కాగితం మడిచిపెట్టింది. పాత హాలు వారానికి ఐదు రోజులు ఖాళీగానే ఉంటుందని, ఒక మూల కారుతుందని, అంతకు మించి దానికి రోగమేమీ లేదని మెల్లగా ఒప్పుకుంది. కేశవరావుగారు లేచి పిట్టగోడ మీదుగా మిఠాయి కొట్టాయనను హిందీలో కేకేస్తే, ఆయన వచ్చి మీట ఎత్తాడు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. పోటీలో శేషగిరి ఆఫీసే మొదటిది. మిగతా రెండు ఆఫీసులూ హాలు ఎలా కట్టాలో చక్కగా చెప్పాయి, అసలు కట్టాలా అని అడిగింది మీరొక్కరే, భూమికి అంతకన్నా మేలు చేసే సలహా మాకు దొరకలేదు, కాబట్టి మీ సలహా మీద కొత్త హాలు రద్దు చేశాం అని అందులో ఉంది. పాత హాలుకు కారే మూల బాగుచేసి, మేడ మీద వలవేసిన వడియాల అరుగు ఒకటి గీసివ్వమన్నారు. శేషగిరి మూడుసార్లు చదివాడు. ఫస్టొచ్చామని గీతిక జిలేబీలు పంచింది. అతనికీ ఒకటి ఇచ్చింది. అతను తిన్నాడు.

మీరు దీన్ని మరచిపోకండి, ఇళ్ళు కట్టేవాళ్ళెవరైనా కనబడితే కూర్చోబెట్టి చెప్పండి. శేషగిరి కట్టని ఆ హాలుకు ఇంతవరకు ఒక్క పగులు కూడా రాలేదని చివర్లో తప్పకుండా చెప్పండి.