కూడలికి ఒక చావు తక్కువైంది

ఒక పెద్ద అడవిలో, అంత పెద్దదై ఉండీ దారులు మాత్రం నాలుగే ఉన్న అడవిలో, ఆ నాలుగూ ఒక్కచోటే వచ్చి కలిసేవి. కూడలి మూలన గుబురుగా ఒక ఈతపొద ఉండేది. దాని అవతల ఎవరొస్తున్నారో ఇవతలివాళ్ళకి సరిగా కనపడదు. కొండమీంచి అడవిపందులు దూసుకొచ్చేది సరిగ్గా ఆ మూలనుంచే.

సూరమ్మ అనే కౌజుపిట్ట కాపురం కూడలికి ఈ పక్క, తాగే నీళ్ళు ఆ పక్క వాగులో. తనైతే ఎగిరి దాటగలదు, పసిపిల్లలు నడవాల్సిందే కదా. రోజూ ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళొచ్చేది. ఒకనాడు ఇద్దరితోనే తిరిగొచ్చింది. పంది గిట్టల కింద పడ్డ నడిపివాడు ఎలాగో పొదలోకి పాక్కుంటూ పోయి, తల్లి కళ్ళముందే ప్రాణం వదిలాడు.

సూరమ్మ రెండు రోజులు ఏడ్చి, మూడోనాడు అటవీ మండలి కార్యాలయానికి వెళ్ళింది. అక్కడ కార్యదర్శి నక్క దస్త్రం ముందేసుకుని కునుకు తీస్తోంది.

"అయ్యా, ఆ ఈతపొద కొట్టించండి. ఇంకేమీ అడగను" అంది సూరమ్మ.

"ఊరికే కొట్టేస్తామా అమ్మా? ముందు ఆ కూడలి ప్రమాదకరమని తేలాలి. తేలాలంటే మూడు పున్నముల్లో పది చావులుండాలి. ఇప్పటికి ఏడే ఉన్నాయి."

"మావాడితో ఎనిమిది కదయ్యా!"

నక్క దస్త్రం తిరగేసింది. "మీవాడు పోయింది పొదలో. కూడలిలోనే పోయి ఉంటే రాసుకునేవాణ్ణి. పాపం, అనవసరంగా పాకాడు."

సూరమ్మకి ఒళ్ళు మండిపోయింది. అయినా ఇంట్లో ఇంకా ఇద్దరున్నారు కాబట్టి కోపం దిగమింగుకుని రెక్కలు జోడించింది.

ఇంతలో అధ్యక్షుడు ఎలుగుబంటి మూతికంటిన తేనె తుడుచుకుంటూ వచ్చాడు. సంగతి విని చలించిపోయాడు. చలించిపోవడంలో ఆయన్ని మించినవాడు ఆ అడవిలో లేడు.

"ఏడవకమ్మా. రేపటినుంచే భద్రతా వారోత్సవాలు జరిపిస్తాను!" అన్నాడు.

జరిపించాడు కూడా. ఊరేగింపు ముందు వరసలో అడవిపందులు నడిచాయి. మెల్లగా వెళ్తామని అందరికన్నా గట్టిగా ప్రమాణం చేసి, ఉపన్యాసాలయ్యాక ఫలహారాల దగ్గరికి అందరికన్నా ముందు పరుగెత్తాయి. ఆఖర్న కూడలిలో బోర్డు వెలిసింది. తాటాకు చాప మీద నిలువెత్తు ఎలుగుబంటి బొమ్మ, దాని కాళ్ళ దగ్గర చిన్న అక్షరాల్లో 'వేగం వద్దు'. ఆ బోర్డుని ఈతపొదకే ఆనించి కట్టారు.

అంతకుముందు ఆకుల సందుల్లోంచి కాస్తో కూస్తో అవతల కనపడేది. ఇప్పుడు అదీ పోయింది. పైగా పందులు పరుగెడుతూనే అధ్యక్షులవారి బొమ్మకేసి తలతిప్పి దండం పెట్టేవి. వారం తిరక్కుండా ఒక కుందేలూ ఒక ఉడుమూ పోయాయి.

సూరమ్మ మళ్ళీ వెళ్తే నక్క సంబరంగా ఎదురొచ్చింది. "తొమ్మిదయ్యాయమ్మా! ఇంకొక్కటి చాలు. ఎవరు పోయినా సరే, పిల్లా పెద్దా తేడా చూడం."

సూరమ్మ ఇల్లు చేరి పిల్లలిద్దర్నీ చూసుకుంది. ఆ ఇంకొక్కటి వీళ్ళలోనే ఎవరో ఒకరు అనుకుంది. అక్కణ్ణించి తిన్నగా ఏదుపందుల ఇంటికి పోయింది.

"అన్నా, ఆ ఈతపొద వేళ్ళు కొరికిపెట్టాలి."

"అనుమతి ఉందా చెల్లీ?" అంది పెద్ద ఏదుపంది.

"ఉంటే మీ గుమ్మం ఎందుకెక్కుతాను?"

పిలిచి పెట్టిన వేళ్ళ భోజనానికి అంతకుమించి ఆరాలు తియ్యడం బాగుండదని ఏదుపందులు ఊరుకున్నాయి. మధ్యాహ్నానికల్లా పొద కూలింది. బోర్డు బోర్లా పడింది.

అప్పట్నుంచీ దాటేవాళ్ళు పందులకి దూరంనుంచే కనపడేవారు. పందులు గొణుక్కుంటూనైనా ఆగేవి. మూడు పున్నములు గడిచాయి, ఒక్క ప్రాణం పోలేదు. పెద్దపిల్లలిద్దరూ ఎగిరిపోయారు. సూరమ్మకి కొత్తగా ఐదుగురు పుట్టారు. అప్పుడొచ్చింది మండలినుంచి పిలుపు.

"ఈ మూడు పున్నముల్లో కూడలిలో ఎంతమంది పోయారు?" అనడిగింది నక్క.

"ఒక్కరూ లేరయ్యా!" అంది సూరమ్మ, మెచ్చుకుంటారేమోనని.

"అంటే అది ప్రమాదకరం కాదని తేలిపోయింది. ప్రమాదం లేనిచోట పొద ఎందుకు కొట్టించావు?"

"అది కొట్టించబట్టే కదయ్యా ఎవరూ పోలేదు!"

"అలాగని దస్త్రంలో లేదు. ఉన్నదల్లా అధ్యక్షులవారి బోర్డే" అంది నక్క.

చావులు ఆపినందుకు ఎలుగుబంటికి దండ వేశారు. సూరమ్మకి శిక్ష వేశారు. కొత్త ఈత పిలకలు తెచ్చి అదే మూలన నాటాలి. బోర్డు ఆనించేంత ఎదిగేదాకా వాగునుంచి నీళ్ళు తెచ్చి పొయ్యాలి.

రోజూ ముక్కున నీళ్ళు పట్టుకుని, ఐదుగురు పిల్లల్నీ నడిపించుకుంటూ సూరమ్మ ఆ కూడలి దాటుతోంది. పిలకలు పచ్చగా ఎదుగుతున్నాయి. నిన్నటినుంచి కొండదారి సగమే కనపడుతోంది.

నీతి: చచ్చినవాళ్ళు చాలినంతమంది లేనిచోట బతికున్నవాళ్ళని కాపాడటం నేరం.