ఎడమ చేత్తో అంటించిన ఆకులు

మూడేళ్లు నిండిన ప్రతి విద్యార్థి శరదృతువును స్వహస్తాలతో కాగితానికి అంటించి తేవలసిందిగా అమెరికాలో అరోరా అనే ఊళ్లోని ఒక ప్రీస్కూల్ అక్టోబరు మొదటి వారంలో ఉత్తర్వు జారీ చేసింది. సంచిలో జిగురున్న పారదర్శక కాగితం, రంగు టిష్యూ పేపరు, మొద్దు కత్తెర పెట్టి పంపారు. ఆకులు పిల్లలే ఏరుకోవాలి. పెద్దలు చేయి వేయరాదని కింద పెద్ద అక్షరాల్లో రాశారు. అక్కడి మన తెలుగువాళ్లు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, అది మిగతావారిని ఉద్దేశించినదని గ్రహించారు.

శనివారం ఉదయం జితేందర్ ఇంటి బేస్‌మెంట్‌లో ఐదు కుటుంబాలు సమావేశమయ్యాయి. పనికి ఆటంకం కలగకుండా పిల్లలను పైన టీవీ ముందు కూర్చోబెట్టారు. సాన్వి తండ్రి తేజేశ్వర్ ప్రారంభోపన్యాసం చేశాడు.

"ఇది క్రాఫ్ట్ అనుకోకండి. మెయిన్ రోడ్ వైపు కిటికీలో ఒక్కళ్లదే పెడతారంట. రేపు కిండర్‌గార్టెన్ టీచర్లు అటే నడిచి వెళ్తారు. ఫస్ట్ ఇంప్రెషన్ అంటే అదీ."

సభ గంభీరమైంది. ఆయన భార్య అంకిత మేపుల్ ఆకులను ఇస్త్రీ చేసింది. చిల్లున్నవి తిరస్కరించబడ్డాయి.

జితేందర్ మాత్రం ఇంకొంచెం లోతుకు వెళ్లాడు. "పోయినేడు హాలోవీన్‌కి మన గుమ్మడికాయలు ఎందుకు రిజెక్ట్ అయినయ్? మరీ పర్ఫెక్ట్‌గుండె. టీచర్ పసిగట్టింది. తప్పులు కూడా ప్లాన్ చేయాలె అన్నా." ఇలా అని కత్తెరను ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. మూడేళ్ల మనసులోకి దిగడానికి కళ్లు మూసుకున్నాడు. ఎంత లోతుకు దిగాలో అంచనా తప్పింది గాని, ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

మధ్యలో ఆయన కొడుకు ధృవ్, పురుగు తిన్న గోధుమరంగు ఆకొకటి పట్టుకుని మెట్లు దిగాడు. "నాన్నా, ఐ వాంట్ టు స్టిక్. నేను చేస్తా."

"పైకి పో బిడ్డా. నీ హోమ్‌వర్క్ అయితున్నది."

మంగళవారం టీచర్ రమ్మని కబురు చేసింది. జితేందర్ కొత్త చొక్కా వేసుకుని, నాలుగు కృతజ్ఞతా వాక్యాలు మననం చేసుకుంటూ భార్య రేణుతో కలిసి వెళ్లాడు.

"కంగారు పడకండి," అంది టీచర్, ఆకుల కాగితాన్ని మెల్లగా తిప్పి చూపిస్తూ. "ఈ కత్తిరింపు చూస్తే ధృవ్ చేతులు ఏడాదిన్నర వయసు దగ్గరే ఆగినట్టున్నాయి. ఒకసారి చేతి పనులు నేర్పే థెరపిస్టుకు చూపిద్దాం."

జితేందర్ ముందు రెండు దారులున్నాయి. నిజం చెబితే ఏడాదిన్నర చేతులు ఆయనవవుతాయి. చెప్పకపోతే కొడుకువవుతాయి. మనిషి మనస్సు ఇలాంటి చిక్కులను నాలుగు సెకన్లలో తేలుస్తుంది.

"మేం కూడా కొన్నాళ్లుగా గమనిస్తున్నాం," అన్నాడు బరువైన గొంతుతో.

కారెక్కాక రేణు అడిగింది. "నువ్వే కట్ చేసినవని చెప్తే ఏమైతుండె?"

"పదిహేనేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్న ఆర్కిటెక్ట్‌ని. ఎట్ల చెప్పమంటవ్?"

"మరి వాడు?"

"వాడు చిన్నోడు. మర్చిపోతడు."

థెరపీ గదిలో విధానం సరళంగా ఉంది. కిటికీకి జిగురు కాగితం అంటించి, బుట్టెడు ఆకులిచ్చి, ధృవ్‌ను వదిలేశారు. తల్లిదండ్రులు అద్దపు గోడకు ఇవతల, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ధృవ్ కాసేపు ఎవరైనా ఆపుతారేమోనని చూశాడు. ఎవరూ ఆపకపోయేసరికి కత్తెర అందుకున్నాడు. నలభై నిమిషాలు కత్తిరించాడు, అంటించాడు, తనకు మాత్రమే అర్థమయ్యే పాటొకటి పాడాడు. మొదటి రోజే అసాధారణ ప్రగతి కనిపించిందని థెరపిస్టు నివేదిక ఇచ్చింది.

జితేందర్ దాన్ని సగర్వంగా వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా మిగతా నాలుగు కుటుంబాలూ తమ పిల్లల చేతుల్లో లోపాలు కనిపెట్టి అదే థెరపీకి పేర్లు నమోదు చేయించాయి. తేజేశ్వర్ దంపతులకు సాన్వి విషయంలో మార్చి వరకూ ఖాళీ లేదన్నారు. ఆకు అంటించడానికి అంతవరకూ ఆ పిల్ల వేచి ఉండాలి.

ధృవ్ అలంకరణ ఇంకా ఆ గది కిటికీకే ఉంది. ఒక ఆకు కాడ పైకి, కొస కిందికి ఉంది. ఇంకొకటి మడత పడి, కింద గాలి బుడగ నిలిచిపోయింది. మూడోది సగం కాగితం మీద, సగం గోడ మీద ఉంది. ఆ మూడోదాన్నయినా కొంచెం ఇటు జరిపితే బాగుండునని చదువుతుండగానే మీకు అనిపించి ఉంటే మొహమాటపడకండి. అద్దానికి ఇవతల ఇంకో కుర్చీ వేస్తారు. చేతులు మాత్రం ఒళ్లోనే ఉంచాలి.